పట్టాల మీది దుమ్ము

బొమ్మరైళ్ళ చరిత్రను ఇంజన్ల చరిత్రగానే రాస్తారు. ఏ కంపెనీ ఏ ఏడాదిలో ఏ ఇంజను చేసింది, దానికెన్ని చక్రాలు, ఏం రంగు, ఇప్పుడు వేలంలో ఎంత పలుకుతుంది, ఇవీ అందులో ఉండే సంగతులు. దుమ్ముకు ఆ పుస్తకాల్లో దొరికే చోటు చాలా తక్కువ. నేను చదివినవాటిలో ఐతే చివరి అధ్యాయంలో ‘నిర్వహణ’ అనే మాట కింద ఒకటో రెండో పేరాలు. కానీ చిన్న రైళ్ళు నడిపే గది ఉన్నవాళ్ళని ఎవరినైనా అడిగి చూడండి. రైళ్ళు నడిపే సమయం కంటే పట్టాలు తుడిచే సమయమే ఎక్కువని చెప్తారు. భువనగిరిలో ఉండేవాడికి ఆ లెక్క ఇంకా ఎక్కువ.

ఈ వ్యాసం ఆ దుమ్ము గురించి. అది ఎప్పటినుంచి శత్రువైంది, దాన్ని ఆపడానికి మనుషులు ఏమేం కనిపెట్టారు, మా ఊళ్ళో అది ఎక్కణ్ణుంచి వస్తుంది అనే మూడు ప్రశ్నలతో మొదలుపెట్టాను. మొదటి రెండింటికీ పుస్తకాల్లో జవాబులు దొరికాయి. మూడోది నన్ను గది బయటికి, ఆ తర్వాత ఊరి బయటికి తీసుకుపోయింది.

1. తాళంచెవి నుంచి కరెంటుకు

1891లో జర్మనీలోని లైప్‌జిగ్ సంతలో మెర్క్‌లిన్ కంపెనీ ఒక కొత్త పద్ధతి చూపించింది. పట్టాల వెడల్పులకు నంబర్లు పెట్టి, ముక్కలు విడివిడిగా కొనుక్కుని ఒకదానికొకటి తగిలించుకునేలా రైలు సెట్లు తయారుచేసింది. ఆనాటి బొమ్మరైళ్ళు ఎక్కువగా తాళంచెవి తిప్పితే స్ప్రింగు బలంతో నడిచేవి. ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో అమ్మకానికి తెచ్చిన రైళ్ళు కూడా మొదట అలాంటివే. వాటికి దుమ్ము పెద్ద లెక్క కాదు. పళ్ళచక్రాల్లో నలుసు పడితే ఒక చుక్క నూనె వేస్తే సరిపోయేది. నేల మీద పరిచి ఆడుకుని, సాయంత్రం మళ్ళీ డబ్బాలో సర్దేసేవారు.

కరెంటు వచ్చాక కథ మారింది. 1935లో ట్రిక్స్, మెర్క్‌లిన్ కంపెనీలు బల్ల మీద పట్టేంత చిన్న విద్యుత్ రైళ్ళు తెచ్చాయి. 1938లో హార్న్‌బీ డబ్లో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మధ్యలో ఉండే మూడో పట్టా క్రమంగా చాలా చోట్ల పోయి, రెండు పట్టాల పద్ధతి స్థిరపడింది. ఒక పట్టాలోంచి కరెంటు వస్తుంది, చక్రం గుండా మోటారుకు పోతుంది, అవతలి చక్రం గుండా రెండో పట్టాలోకి దిగుతుంది. మొత్తం పన్నెండు వోల్టులు. చక్రం పట్టాను తాకే చోటు సూదిమొనంత కూడా ఉండదు. ఆ తాకే చోట ఒక రేణువు అడ్డుపడితే ఇంజను ఆగిపోతుంది, లేదా అక్కడ నిప్పురవ్వ పుడుతుంది. రవ్వ పుట్టినచోట లోహం కాలి నల్లటి పొర కడుతుంది. ఆ పొరకి నూనె తోడైతే ఇంకా దుమ్ము అంటుకుంటుంది. కాటుకలాంటి జిడ్డు అది. వేలితో రాస్తే చెయ్యి నల్లబడుతుంది.

దీనికి తోడు, కరెంటు తీగలు కలిపిన లేఅవుట్‌ని రోజూ విప్పి డబ్బాలో సర్దలేరు. కొండలు, చెట్లు, స్టేషన్లు పెట్టి ఒక గదిలో శాశ్వతంగా ఉంచాలి. అలా ఉంచిన రోజునుంచే దాని మీద దుమ్ము పడడం మొదలైంది. బొమ్మరైలుకు ప్రత్యేకంగా ఒక గది, ఆ గదిలో దుమ్ము అనే సమస్య, రెండూ కలిసే వచ్చాయి.

మన దేశంలో బొమ్మరైలు మొదట రాజుల ఇళ్ళలో తిరిగింది. గ్వాలియర్ జయవిలాస్ ప్యాలెస్‌లో భోజనాల బల్ల మీద పట్టాలు పరిచి, అతిథుల ముందుకు మద్యం, చుట్టలు మోసుకొచ్చే వెండి రైలు ఇప్పటికీ ఉంది. పట్టాలు తుడవడం అక్కడ మహారాజుగారి పని కాదు. 1998లో పుణె కోత్రూడ్‌లో మొదలైన జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం వంటివి వచ్చాక ఈ సరదా టికెట్ కొన్నవాళ్ళందరికీ అందింది. ఎవరిదైనా సరే, నడవాలంటే ఎవరో ఒకరు పట్టా తుడవాల్సిందే.

2. పెద్ద రైలుకూ ఇదే బాధ

పట్టా మీది పొర వల్ల కరెంటు ఆగడం బొమ్మలకే పరిమితమైన సంగతి అనుకుంటారు చాలామంది. పెద్ద రైళ్ళు కూడా దీనితో నూట యాభై ఏళ్ళుగా తంటాలు పడుతున్నాయి. 1872లో విలియం రాబిన్‌సన్ అనే అమెరికన్ ట్రాక్ సర్క్యూట్‌కి పేటెంటు తీసుకున్నాడు. కొంత పొడవు పట్టాలను విడగొట్టి, రెండు పట్టాల్లో కొద్దిపాటి కరెంటు పంపిస్తారు. ఆ కరెంటు అవతలి చివర ఒక రిలేని పట్టి ఉంచుతుంది. రైలు వచ్చి నిలబడితే చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేస్తాయి, రిలేకి కరెంటు అందదు, సిగ్నల్ ఎర్రబడుతుంది. లైను మీద రైలుందని అలా తెలుస్తుంది.

పట్టా తుప్పు పట్టినా, మట్టి పొర కట్టినా చక్రం సరిగా తాకదు. అప్పుడు లైను మీద రైలు ఉన్నా, లేనట్టే చూపిస్తుంది. నా గదిలో ఇదే జరిగితే ఇంజను ఆగుతుంది, అంతే. అక్కడైతే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే రైళ్ళు అరుదుగా తిరిగే లైన్ల విషయంలో రైల్వేవాళ్ళు జాగ్రత్తగా ఉంటారు. ఇరుసుల్ని లెక్కబెట్టే యాక్సిల్ కౌంటర్లు వాడుకలోకి రావడానికి ఇదీ ఒక కారణం.

ఈ విద్య నేర్పే బడి మాకు దగ్గరే ఉంది. సికింద్రాబాద్‌లో 1957 నుంచి పనిచేస్తున్న ఇరిసెట్, దేశం మొత్తానికి రైల్వే సిగ్నల్ ఇంజనీర్లను తయారుచేస్తుంది. భువనగిరి నుంచి సికింద్రాబాద్ పోయే దారిలోనే మౌలాలి వస్తుంది. అక్కడ దక్షిణమధ్య రైల్వే జోనల్ శిక్షణ సంస్థ ఉంది. రైల్వే శిక్షణ సంస్థల్లో ‘మోడల్ రూమ్’ అని ఒక గది ఉంటుంది. కొత్తగా చేరిన స్టేషన్ మాస్టర్లకు చిన్న పట్టాలు, చిన్న సిగ్నళ్ళు, బ్లాక్ పరికరాలు పెట్టి, ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు రైలును ఎలా పంపాలో అందులో నేర్పుతారు. మన ప్రాంతంలో బొమ్మరైలు గది అనదగ్గది ఇదే. అక్కడ అది ఆట కాదు, ఉద్యోగం.

3. మూడో ప్రశ్న

భువనగిరిలో మా ఇంటి మేడ మీద పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గదిలో నా పట్టాలు ఉన్నాయి. హెచ్‌ఓ కొలత, అంటే అసలుదానికి 87వ వంతు. ఈ నిష్పత్తి దుమ్ము గురించి ఆలోచించడానికి బాగా పనికొస్తుంది. మన రైలుమార్గం మీద వేసే కంకర సుమారు 50 మిల్లీమీటర్ల సైజు. దాన్ని 87తో భాగిస్తే అర మిల్లీమీటరు పైచిలుకు, అంటే ఇసుకరేణువు. ఇప్పుడు తిరగేసి చూడండి. కంటికి ఆనీ ఆననట్టుండే 50 మైక్రాన్ల దుమ్మురేణువు నా చిన్న లోకంలో నాలుగు మిల్లీమీటర్లకు పైబడిన గులకరాయి. మనకు దుమ్ము అనిపించేది ఆ ఇంజనుకు పట్టాల మీద పోసిన రాళ్ళు.

ఒక వేసవిలో, వారం రోజులు తుడవకుండా వదిలేసిన పట్టాల మీది దుమ్ముని నల్లకాగితం మీదికి దులిపి భూతద్దం కింద పెట్టాను. అయస్కాంతం తిప్పితే కొన్ని సన్నటి నల్లరేణువులు అంటుకున్నాయి. చక్రాలూ బ్రష్షులూ అరిగిన పొడిలో ఇనుము పాలు అది. మిగిలినదాంట్లో నూలుపోగులు కనిపించాయి. కొన్ని మా పడకల దుప్పట్లవి. కొన్ని ఇంట్లో నేత చీరలు విప్పి మడతపెట్టినప్పుడు ఎగిరినవి. పోచంపల్లి దగ్గరే కదా, ఈ చుట్టుపక్కల నూలు లేని ఇల్లు ఉండదు. మనిషి చర్మం పొట్టు ఉంది. ఎర్రమట్టి ఉంది. మసి ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా, దీపం పక్కకు జరిపితే తళుక్కుమనే రేణువులు ఉన్నాయి. అంచులు పదునుగా, పగిలిన గాజులాగా కనిపించాయి. అది రాయి.

ఆ రాయి ఎక్కడిదో చెప్పడానికి మా ఊళ్ళో పెద్దగా వెతకనక్కరలేదు. ఊరి నడుమ కోడిగుడ్డును బోర్లించినట్టు ఒకే బండగా లేచిన గుట్ట ఉంది. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడి పేరుతో ఆ కోటకూ ఊరికీ పేరొచ్చింది. గుట్ట గ్రానైటు. ఈ ప్రాంతమంతా అదే రాయి, సుమారు రెండున్నర వందల కోట్ల ఏళ్ళ నాటిది. నల్లగొండ పేరు చెప్తే లోకానికి ఫ్లోరిన్ నీళ్ళు గుర్తొస్తాయి. ఆ ఫ్లోరైడ్ నీళ్ళల్లోకి దిగేది కూడా ఈ రాతి ఖనిజాల నుంచే. నీళ్ళల్లోకి దిగిన రాయి గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి, ఉద్యమాలు నడిచాయి. గాలిలోకి లేచిన రాయి గురించి అంత మాట్లాడుకోలేదు.

గ్రానైటులో తెల్లగా మెరిసేది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. గట్టిదనం కొలిచే మోస్ పట్టికలో దానిది 7. నా పట్టాలు జర్మన్ సిల్వర్‌వి. పేరులో తప్ప అందులో వెండి లేదు, రాగి, నికెల్, తుత్తునాగం కలిపిన లోహం. ఇత్తడి లాగే మెత్తన, పలుగురాయితో పోలిస్తే సగానికి అటూఇటూ. అందుకే పొడిగుడ్డతో ఒత్తి తుడిస్తే రాతిరేణువు పట్టాను గీకుతుంది. ఆ గీతల్లో మళ్ళీ మురికి దిగుతుంది. పట్టా ఎంత రుద్దితే అంత తొందరగా మురికిపడుతుంది.

4. నాలుగు పనులు

దుమ్ము గురించి ఇన్నేళ్ళలో చదివినదీ చేసినదీ కలిపితే నాలుగు పనులుగా తేలింది. పుట్టనీయకపోవడం, మూసి ఉంచడం, తడిపి అణచడం, పీల్చి తీసేయడం. వరస కూడా ముఖ్యం. మొదటి మూడూ చేయకుండా నాలుగోది ఎంత చేసినా తరగదు.

పుట్టనీయకపోవడం అంటే గదిలోనే పుట్టే దుమ్ముని ఆపడం. సిమెంటు గచ్చు అరిగి పొడి రాలుతుంది, దానికి రంగు వేయాలి. పైకప్పు పెచ్చులు రాలుతుంటే కింద పలక కట్టాలి. నా లేఅవుట్ మీద వేసిన కంకర అంతా క్రషర్ దగ్గర మూటగట్టుకొచ్చిన రాతిపొడే. జల్లెడ పట్టి, నీళ్ళల్లో నాలుగైదుసార్లు కడిగి, ఆరబెట్టి, పట్టాల మధ్య పోసి, నీళ్ళు కలిపిన ఫెవికాల్ చుక్కలుగా వేశాను. అంటుకున్నాక అది కదలదు. రంపం పని, ఆకురాయి పని గదిలో చేయను, వరండాలో చేస్తాను.

మూసి ఉంచడం తెలిసిందే. కిటికీ సందులకు రబ్బరు పట్టీ, తలుపు కింద బ్రష్షు పట్టీ, లేఅవుట్ మీద పల్చటి ప్లాస్టిక్ పరదా. నూలుగుడ్డ కప్పితే దానికదే పోగులు రాలుస్తుంది.

తడిపి అణచడం మనవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. తెల్లారగట్ల వాకిట్లో సాన్పి జల్లి, ఆ తర్వాతే ఊడ్చేవాళ్ళు. చిన్నప్పుడు తొందరకొద్దీ పొడి చీపురు పడితే మా అమ్మ ఊకునేది కాదు. “సాన్పి జల్లకుంట ఊడిస్తే దుమ్ము యాడికి పోతది బిడ్డా? మల్ల నీ మీదికే వస్తది” అనేది. ఇందులో లెక్క ఉంది. కదలని గాలిలో 10 మైక్రాన్ల రాతిరేణువు మూడు మీటర్ల ఎత్తునుంచి నేలకు దిగడానికి ఆరు నిమిషాలు చాలు. ఒక మైక్రాన్ రేణువుకి తొమ్మిది గంటలు పడుతుంది. పొద్దున పొడిగా ఊడిస్తే పెద్ద రేణువులు వెంటనే దిగిపోతాయి, గది శుభ్రపడ్డట్టే ఉంటుంది. సన్నవి సాయంత్రం దాకా గాలిలోనే ఉంటాయి. ఊపిరితిత్తుల లోపలికి దాకా పోగలిగేవి ఈ సన్నవే.

పీల్చి తీసేయడానికి యంత్రం వచ్చిన కథ బాగుంటుంది. 1901లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు లండన్‌లో ఒక ప్రదర్శన చూశాడు. దుమ్ముని గాలితో ఊది లేపే అమెరికన్ యంత్రం అది. లేచిన దుమ్ము మళ్ళీ అక్కడే పడుతోంది. ఊదే బదులు పీల్చవచ్చు గదా అని అడిగితే ఆ తయారీదారు అది కుదరదన్నాడట. బూత్ తర్వాత ఒక భోజనశాలలో కుర్చీ మెత్తకు చేతిరుమాలు ఆనించి నోటితో గట్టిగా పీల్చాడు. దగ్గొచ్చి ఉక్కిరిబిక్కిరయ్యాడు గానీ రుమాలు నల్లబడింది. వాక్యూమ్ క్లీనర్ అక్కణ్ణుంచి వచ్చింది. 1940లలో అణ్వాయుధ కర్మాగారాల కోసం తయారుచేసిన హెపా వడపోత, 0.3 మైక్రాన్ రేణువుల్లో 99.97 శాతం పట్టేది, తర్వాత కాలంలో ఇంటి వాక్యూమ్‌లలోకి వచ్చింది. ఆ వడపోత లేని వాక్యూమ్ రాతి పొడిని ముందునుంచి పీల్చి వెనకనుంచి ఊదుతుంది.

ఇక పట్టా మీద మిగిలిన జిడ్డుకు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ. కాలిఫోర్నియాలో పేరున్న లేఅవుట్ కట్టిన జాన్ ఆలెన్ పేరుతో చెప్పుకునే ఉపాయం ఇంకోటి ఉంది. ఒక పెట్టె కింద గరుకు చెక్కముక్క వదులుగా వేలాడదీసి, దాన్ని మిగతా పెట్టెలతోపాటు తిప్పితే, రైలు నడుస్తూనే పట్టాను తుడుచుకుంటూ పోతుంది.

5. కంకర మిల్లు

ఈ నాలుగు పనులూ కాగితం మీద రాసుకున్నాక, అవే పనులు వేరే చోట చట్టంలో రాసి ఉన్నాయని తెలిసింది. రాళ్ళు పగలగొట్టే క్రషర్లకు, మా దగ్గర కంకర మిల్లులంటారు, పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లో ఒక ప్రమాణం ఉంది. యంత్రానికి 3 నుంచి 10 మీటర్ల దూరంలో కొలిస్తే గాలిలో తేలే ధూళి ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు మించకూడదు. దానికోసం ఏం చేయాలో కూడా చెప్పారు. ధూళిని మూసి ఉంచే, నీళ్ళతో అణచే ఏర్పాటు ఉండాలి. గాలిని ఆపే గోడలు కట్టాలి. ఆవరణలో దారులు గట్టిపరచాలి. నేలను క్రమం తప్పకుండా తడిపి ఊడ్చాలి. చుట్టూ చెట్లు పెంచాలి. పుట్టనీయకు, మూసిపెట్టు, తడుపు, తీసెయ్యి. నా పదడుగుల గదికి రాసుకున్నవే.

600 అనే అంకె ఎంత పెద్దదో తెలియడానికి ఇంకో అంకె చూడాలి. 2009లో మన దేశం పెట్టుకున్న గాలి ప్రమాణం ప్రకారం, ఊళ్ళో 10 మైక్రాన్లలోపు ధూళి ఇరవైనాలుగు గంటల సగటు 100 మించకూడదు. ఈ రెండూ ఒకే రకం కొలత కాదు, మొదటిదాంట్లో పెద్ద రేణువులు కూడా కలుస్తాయి. అయినా, నిబంధన అక్షరాలా పాటించిన మిల్లులో కూడా పనిచేసేవాడి చుట్టూ గాలి మనం ఊళ్ళో పీల్చే గాలి లాంటిది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. నిబంధన పాటించని చోట సంగతి, ఎండాకాలం మధ్యాహ్నం ఏ గుట్టల వెంబడి పోయినా దూరంనుంచే కనిపిస్తుంది. తెల్లటి మబ్బు నేల మీద నిలబడ్డట్టుంటుంది.

ఆ మబ్బులో ఉండేవాళ్ళు మూతికి తువాల చుట్టుకుంటారు. తువాల నేత సందుల్లోంచి అయిదు మైక్రాన్ల రేణువు సులువుగా పోతుంది. పలుగురాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరితే శరీరం దాన్ని కరిగించుకోలేదు. చుట్టూ మచ్చ కడుతుంది. మచ్చలు పెరిగేకొద్దీ ఊపిరి ఆడే చోటు తగ్గుతుంది. ఇది సిలికోసిస్. పని మానేసినా ఆగకపోవచ్చు. మందు లేదు. క్షయ సోకే ప్రమాదం కూడా దీనివల్ల పెరుగుతుంది. రెండింటికీ దగ్గు, ఆయాసం, బక్కచిక్కడం ఉంటాయి కాబట్టి చాలాసార్లు క్షయ అనే రాసేసి పంపిస్తారు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1556లో, చార్మినార్ కట్టడానికి 35 ఏళ్ళ ముందు, జర్మనీలో అగ్రికోలా గనుల మీద పుస్తకం రాశాడు. పొడి గనుల్లో దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుందనీ, కార్పేతియన్ కొండల్లో ఏడుగురు భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళున్నారనీ అందులో ఉంది. 1700లో ఇటలీలో రామజ్జీని, పనివాళ్ళ జబ్బుల గురించిన తన పుస్తకంలో, రాళ్ళు చెక్కేవాళ్ళ శవాల్ని కోసినప్పుడు కత్తి ఇసుకలో దిగినట్టుందని ఒక వైద్యుడు చెప్పిన సంగతి రాశాడు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో గాలియంత్రంతో రాయి తొలిచే డ్రిల్లులు వచ్చినప్పుడు, అమెరికా గనివాళ్ళు వాటికి ‘విధవల్ని చేసేది’ అని పేరు పెట్టారు. డ్రిల్లు మధ్యనుంచి నీళ్ళు పంపితే దుమ్ము లేవదని కొద్ది ఏళ్ళలోనే కనిపెట్టారు. అదీ సాన్పే. తెలుగువాళ్ళు కూడా వేలమంది దిగిన కోలార్ బంగారు గనుల్లో ఈ జబ్బును గత శతాబ్దం తొలి సగంలోనే వైద్యులు నమోదు చేశారు. 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో పెట్టింది. ఐతే తెలియజేయాలంటే ముందు పనివాడి పేరు హాజరుపట్టీలో ఉండాలి. రోజుకూలీకి, గుత్తమీద పనిచేసేవాడికి ఆ పేరే ఉండదు.

6. కంకర కొట్టినవాళ్ళు

మళ్ళీ రైలు దగ్గరికి వస్తాను. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు వచ్చింది. 1886కల్లా ఆ లైను వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా పోయింది. భువనగిరి మీదుగా పోయిన లైను అదే. మా స్టేషన్ గురించి రాయాలనుకునేవాళ్ళకు ఈ తేదీలు సులభంగా దొరుకుతాయి. కంపెనీ పెట్టుబడి ఎంతో, నిజాం ప్రభుత్వం ఎంత వడ్డీకి హామీ ఇచ్చిందో, దాని మీద 1883లో హైదరాబాద్‌లో ఎవరు గొడవ చేశారో అన్నీ దొరుకుతాయి.

ఆ లైను కింద పరిచిన కంకర ఎవరు కొట్టారు? క్రషర్లు లేని కాలం. సుత్తితో, చేత్తో కొట్టాలి. రైల్వే కంకర అంటే ఏ రాయి పడితే ఆ రాయి కాదు. రైళ్ళ బరువుకి తొందరగా నుసి అయిపోని గట్టిరాయి కావాలి. కంకరలో నుసి చేరితే నీళ్ళు దిగవు, పట్టా కుంగుతుంది. ఇప్పటికీ కొన్నేళ్ళకొకసారి లైను కింద కంకరంతా తీసి జల్లెడ పట్టి మళ్ళీ పోస్తారు. పట్టా కింద దుమ్ము చేరకుండా చూడడం రైల్వేకి తన ప్రాణం లాంటి పని, అందులో అజాగ్రత్త ఉండదు.

దక్షిణాదిలో మట్టిపనీ రాతిపనీ కులవృత్తిగా ఉన్నవాళ్ళు వడ్డెరలు. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులాల, తెగల సంపుటాల్లో ఒడ్డెల గురించి పెద్ద భాగమే ఉంది. వలస పాలనలో రైళ్ళు కట్టిన కూలీల మీద ఇయాన్ కెర్ 1995లో తెచ్చిన పుస్తకంలో, కుటుంబాలతో సహా ఒక పనిచోటు నుంచి ఇంకో పనిచోటుకు తిరిగిన వడ్డెర గుంపులు కనిపిస్తాయి. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు, పిల్లలు మోసేవారు. మనిషికి ఇంతని కాకుండా తవ్విన కొలతకి ఇంతని కూలి. ఆ పద్ధతిలో దగ్గొచ్చి కూచున్న రోజుకు డబ్బు లేదు, ఆ రోజుకు కాగితమూ లేదు.

చరిత్రలో వాళ్ళు కనిపించకపోవడానికి ఇదొక కారణం అనుకుంటాను. రైలు ప్రమాదంలో చచ్చిపోతే తేదీ ఉంటుంది, విచారణ ఉంటుంది, పత్రికలో రెండు ముక్కలైనా వస్తాయి. పదిహేనేళ్ళు పీల్చిన పొడి పదహారో ఏట చంపితే అది ప్రమాదం కింద లెక్కకు రాదు. ఒక మైక్రాన్ రేణువు గదిలో దిగడానికి తొమ్మిది గంటలు పడుతుందని చెప్పాను. మనిషి లోపల అది తన పని చేయడానికి ఏళ్ళు పడుతుంది. అప్పటికి ఆ మిల్లు ఇంకో గుట్టకు మారి ఉంటుంది, లేదా ఆ మనిషే ఇంకో ఊరికి మారి ఉంటాడు.

చిన్న రైళ్ళు నడిపేవాళ్ళం దుమ్ము గురించి చాలా నేర్చుకున్నాం. ఏ రేణువు ఎంతసేపట్లో దిగుతుందో, ఏ గుడ్డ పోగులు రాలుస్తుందో, ఏ వడపోత ఎంత పడుతుందో నోటికి వచ్చు. మా ఇంజన్ల ఖరీదు అలాంటిది కాబట్టి నేర్చుకున్నాం. కంకర మిల్లులో బెల్టు మీద రేకు మూత వేయడానికి, రాయి పడేచోట నీటి గొట్టం పెట్టడానికి ఇంతకన్నా పెద్ద చదువేమీ అక్కర్లేదు. వేసవిలో నీళ్ళ కరువు, ట్యాంకరు ఖర్చు, తడిస్తే జల్లెడకు పొడి అంటుకుంటుందనే ఇబ్బంది, ఇవి నిజమే. కానీ అదే నీళ్ళు దారి పక్క చెట్ల మీది తెల్లపొడి కడగడానికి, అధికారులు వచ్చే రోజున దొరుకుతూనే ఉంటాయి.

భువనగిరి 2016లో జిల్లాకేంద్రం అయ్యింది. హైదరాబాద్ ఇటువైపు పెరుగుతోంది. 163వ నంబరు జాతీయ రహదారి వెంట ఇళ్ళు లేస్తున్నాయి, వాటికి కంకర కావాలి, రాతి ఇసుక కావాలి. గుట్టలు తరుగుతాయి, పొడి పెరుగుతుంది. ఊరి చరిత్ర రాసేవాళ్ళకు ఒక మాట చెప్పాలనిపిస్తుంది. కోట కట్టిన రాజు పేరు మనకు తెలుసు. రైలు వచ్చిన ఏడాది తెలుసు. మన ఊళ్ళ చుట్టూ ఉన్న వడ్డెర వాడల్లో, మిల్లుల్లో ఎన్నేళ్ళు పనిచేసినవాళ్ళు ఎన్నో ఏట దగ్గుతో పోయారో ఇంటింటికీ తిరిగి అడిగి రాస్తే, అది కూడా భువనగిరి చరిత్రే అవుతుంది. అడగడానికి పెద్ద ఖర్చు లేదు. చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళలో చాలామంది వయసు మళ్ళినవాళ్ళు.